పదునొకండు నిమిషముల వ్యోమయాత్ర

2025 ఏప్రిల్ 14వ తేదీన అమెరికాలోని పశ్చిమ టెక్సాసునుండి గాయని కేటీ పెర్రీ మొదలగు ఆరుగురు స్త్రీలు బ్లూ ఆరిజిన్ సంస్థవారి రాకెట్టుపై నూరు కిలోమీటర్లకు మించి ఎగసి, సుమారు 11 నిమిషములలో నేలకు దిగిరి. కొందరు హర్షించిరి, పెక్కుమంది ఇది ధనికుల వేడుకయని నిందించిరి. 2021 జూలైలో ఆ సంస్థాధిపతి జెఫ్ బెజోస్ వెళ్లివచ్చి, ఇందులకు సొమ్మిచ్చినవారు తన అమెజాన్ ఉద్యోగులును కొనుగోలుదారులునే యని కృతజ్ఞత తెలిపినప్పుడును ఇట్టి ఆగ్రహమే రేగెను.

మన పిల్లల ప్రశ్న వేరు: వారు నిజముగా అంతరిక్షమునకు పోయిరా? పోయిరి, కాని భూమిని చుట్టలేదు. చుట్టుటకు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగము కావలెను. ఈ రాకెట్టు వేగము అందులో ఇంచుమించు ఎనిమిదవ వంతే. అది పైకి విసరిన బంతివలె పోయి క్రిందికి వచ్చును. లోపలివారు తేలుట భూమ్యాకర్షణ లేనందున కాదు. మనుష్యులును గదియు కలసి పడుచుండుటచేతనే.

2021 జూలై 11న ఆంధ్రదేశమున జన్మించిన బండ్ల శిరీష ఇట్టి యాత్రయే చేసెను. ఆమె టిక్కెట్టు కొనలేదు. ఇంజనీరు విద్య నభ్యసించి, తాను పనిచేయు వర్జిన్ గెలాక్టిక్ సంస్థ విమానములో మొక్కలపై ప్రయోగము జరిపెను.

తల్లిదండ్రులారా, ఆడంబరమును నిందింపవచ్చును. ఆ నిందలో బిడ్డ ప్రశ్నను మాత్రము త్రోసివేయకుడు. ఇంటిభాషలో బదులు చెప్పుడు. తెలియనిచో ఆ ప్రశ్నను మా బడికి పంపుడు.