ఎండిన బురదలో ఏముంది?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును దాటి వెళుతుంది. చలికాలంలో ఆ దారిన పోయేవారి చూపంతా నీళ్ళలో నిలబడ్డ ఫ్లెమింగో పక్షుల మీదే. ఎండాకాలం వచ్చేసరికి ఇక్కడ నీరు చాలావరకు ఇంకిపోతుంది. నెర్రెలిచ్చిన బురద నేల మిగులుతుంది. “ఇక్కడ ఫోటో తీయడానికి ఏముంది?” అంటారా? రండి, ఆ బురదనే ఫోటో తీద్దాం.

ఏప్రిల్ చివర ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు తీసిన ఫోటోలో నేల బూడిదరంగు గుడ్డ పరిచినట్లు చప్పగా ఉంటుంది. అదే చోట, పొద్దుపొడిచిన ముప్పావుగంటకు ఇంకొకటి తీయండి. రెండూ ఒకే నేలవంటే మీ స్నేహితులు నమ్మరు!

ఎందుకీ తేడా? ఎండ నడినెత్తిన ఉంటే నీడలు వస్తువుల కిందే దాక్కుంటాయి. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉంటే, ఒక సెంటీమీటరు ఎత్తున్న బురద పెళ్ళ నీడ ఐదున్నర సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. ఎత్తుపల్లాలను మన కంటికి చూపేది ఆ నీడే.

ఈ రోడ్డు చివరనున్న శ్రీహరికోట నుంచే 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. ఆ చంద్రుడి సంగతీ ఇంతే. పున్నమినాడు టెలిస్కోపులో గోతులు సరిగా కనబడవు. అష్టమినాడు వెలుగూ చీకటీ కలిసే అంచున ఎండ ఏటవాలుగా పడుతుంది. అక్కడ గోతులు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇప్పుడు మీ ఫోటోలో నెర్రెలను చూడండి. బురద ఆరుతూ కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు పగులుతుంది. కొత్త పగులు పాతదాన్ని దాదాపు లంబకోణంలో తాకి ఆగుతుంది. మాటిమాటికీ తడిసి ఆరిన నేలలోనైతే మూడు పగుళ్ళు 120 డిగ్రీల కోణాలతో, తేనెపట్టు గదుల్లా కలుస్తాయి. మీకు ఏవి ఎక్కువ కనిపించాయి? లెక్కపెట్టండి.

సరస్సు దగ్గర లేదా? మీ ఊరి చెరువు చాలు. పెద్దవారిని వెంటబెట్టుకుని గట్టు మీదనుంచే తీయండి. పైన ఎండినా అడుగున మెత్తని బురద ఉండవచ్చు.

ఇంట్లోనూ చేయవచ్చు. అమెరికా ఫోటోగ్రాఫరు ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక బుంగమిరపకాయను రేకు గరాటులో పెట్టి ఫోటో తీశాడు. గరాటు గోడల మీద పడి తిరిగివచ్చిన వెలుగు దాని వంపులను చూపింది. ఆ కూరగాయ ఫోటో లోకప్రసిద్ధమైంది. మీరు ఒక అప్పడాన్నో కాకరకాయనో కిటికీ పక్కన పెట్టండి. రెండో వైపు తెల్లకాగితం నిలబెడితే నీడలు కొంచెం తేలికపడతాయి. ఇంట్లో ఉన్న ఫోనే చాలు, ఫ్లాష్ మాత్రం ఆపేయండి.

కాకరకాయను రోజూ చూస్తూనే ఉన్నాం. దాని మీద వెలుగు ఎటునుంచి పడుతోందో ఎప్పుడైనా చూశామా? రేపు ఉదయం చూడండి.