చిత్రంలో చోటు దక్కని పాటే రాష్ట్ర గీతమైంది

తిరుపతి: ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల వార్షికోత్సవమైనా, ప్రభుత్వ సభ అయినా 'మా తెలుగు తల్లికి' గీతంతో ఆరంభించడం ఆనవాయితీ. అయితే ఆ పాట పుట్టింది సభల కోసం కాదు, సినిమా కోసం. తిరుపతిలో 1914లో జన్మించిన శంకరంబాడి సుందరాచారి, చిత్తూరు నాగయ్య నటించిన 'దీనబంధు' (1942) చిత్రానికై దీనిని రచించారు. చిత్రంలో మాత్రం దానికి చోటు దక్కలేదు.

మరుగున పడవలసిన ఆ పాటకు గ్రామఫోన్ రికార్డు ప్రాణం పోసింది. టంగుటూరి ప్రకాశం పంతులు సోదరుని కుమార్తె సూర్యకుమారి గానం చేయగా హెచ్‌ఎంవీ సంస్థ వెలువరించిన రికార్డు తెలుగునాట మార్మోగింది. నాటికి తెలుగువారికి సొంత రాష్ట్రం లేదు. కొందరు మద్రాసు రాష్ట్రంలో, మరికొందరు నిజాం పాలనలో ఉండేవారు. గోదావరి, కృష్ణలతో పాటు రుద్రమను, కృష్ణదేవరాయలను, త్యాగయ్యను ఒక్కచోట స్మరించిన ఆ గీతం ఇరుప్రాంతాల వారికీ తమదిగానే తోచింది.

1975లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో, అప్పటికే లండన్‌లో స్థిరపడిన సూర్యకుమారి చేతనే దీనిని పాడించారు. మరో రెండేళ్లకు, 1977 ఏప్రిల్ 8న సుందరాచారి కన్నుమూశారు. తిరుపతిలో ఆయన విగ్రహం ఉంది. పాట తెలిసిన ప్రతివారికీ రచయిత పేరు కూడా తెలిసిననాడే ఆయనకు నిజమైన నివాళి.