తాబేలుకో అరుగు

శ్రీకాకుళానికి కూతవేటు దూరంలో ఉన్న శ్రీకూర్మం వెళ్లిన పిల్లలు కూర్మనాథుడి దర్శనం అయ్యాక అంత తొందరగా బయటకు రారు. వాళ్ల చూపంతా ఆలయ ప్రాంగణంలోని నక్షత్ర తాబేళ్ల మీదే ఉంటుంది. నల్లటి డొప్ప మీద పసుపు చారలతో నక్షత్రాలు దిద్దినట్టు ఉండే ఆ బుల్లి జీవులు ఆకుకూర నములుతూ, ఎండ పడే చోటికి మెల్లగా జరుగుతూ ఉంటాయి. చూసిన పిల్లాడు ఊరుకుంటాడా? ఇంటికొచ్చే దారిలోనే మొదలెడతాడు: ‘నాన్నా, మనమూ ఓ తాబేలును పెంచుకుందామా?’

కథ ఇక్కడి నుంచి సాధారణంగా అక్వేరియం దుకాణానికి వెళ్తుంది. అక్కడ గాజు తొట్టిలో రూపాయి బిళ్లంత ఆకుపచ్చ తాబేళ్లు ఈదుతూ కనిపిస్తాయి. జత కొంటారు. ఓ గాజు తొట్టి, నాలుగు రంగురాళ్లు, ఓ ప్లాస్టిక్ చెట్టు కూడా తెస్తారు. తొట్టి నిండా నీళ్లు పోసి, తాబేళ్లను వదిలి, తాబేలంటే నీళ్లలోనే ఉంటుందిగా అని నిశ్చింతగా ఉంటారు. కొన్నాళ్లు గడిచాక డొప్ప మెత్తబడుతుంది. కళ్లు వాస్తాయి. తిండి మానేస్తుంది. ఏం తక్కువైందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

తక్కువైంది ఒక్కటే. ఒళ్లు ఆరబెట్టుకుని ఎండ కాచుకోవడానికి కాస్త పొడి చోటు. పాతకాలపు ఇళ్లలో పెద్దవాళ్లు పొద్దున్నే వీధి అరుగు మీద చేరి ఎండ కాచుకునేవారే, అలాంటి అరుగే తాబేలుకూ కావాలి.

తాబేళ్లన్నీ ఒకటి కాదు

ముందు గుళ్లో చూసిన తాబేలు వేరు, దుకాణంలో కొన్నది వేరు అని తెలుసుకోవాలి. నక్షత్ర తాబేలు నేల మీద బతికేది. దానికి ఈత రాదు. లోతు నీళ్లలో వేస్తే మునిగి చనిపోతుంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనుక ఎర్రటి చార దాని గుర్తు. అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం దాని సొంతూరు. అక్కడది నీళ్లలో తిని, ఈది, ఆపైన దుంగల మీదకో రాళ్ల మీదకో ఎక్కి గంటల తరబడి ఎండలో పడుకుంటుంది.

ఇక మన చెరువుల్లో దొరికే మెత్తడొప్ప తాబేలును, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత నక్షత్ర తాబేలు కూడా మొదటి షెడ్యూల్లో చేరింది. ఈ షెడ్యూల్లోని జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. ఏటా శ్రీకాకుళం తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లకూ ఇదే రక్షణ ఉంది. కాబట్టి ‘చెరువు గట్టున దొరికింది, తెచ్చుకున్నాం’ అంటే కుదరదు.

ఎండ ఎందుకంత ముఖ్యం?

మన ఒంట్లో వేడి మన శరీరమే పుట్టించుకుంటుంది. తాబేలుకు ఆ సౌకర్యం లేదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని, గాలిని బట్టి మారుతుంది. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా అది వేడిచోటు వెతుక్కోవాల్సిందే. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు, అరుగు మీద 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటే స్లైడర్‌కు హాయి.

రెండో పని డొప్ప ఆరడం. రోజంతా తడిలో నానితే డొప్ప మీద నాచు, బూజు పట్టి చివరకు కుళ్లు మొదలవుతుంది. పూర్తిగా ఆరితే ఆ బెడద తగ్గుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎండలోని యూవీబీ కిరణాలు ఒంటికి తగిలితేనే తాబేలు చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. డొప్ప కూడా ఎముకే కదా! మెత్తబడటానికీ, వంకర తిరగడానికీ అసలు కారణం చాలాసార్లు ఇదే.

ఇక్కడే చాలామంది ఓ పొరపాటు చేస్తారు. ఎండ తగులుతుందని తొట్టిని కిటికీ పక్కన పెడతారు. కిటికీ అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది. వేడిని మాత్రం లోపలికి పంపుతుంది. అంటే మందు అందదు, నీళ్లు మాత్రం కాగుతాయి. రోహిణి కార్తెలో అలాంటి తొట్టి తాబేలు పాలిట పొయ్యే.

ఎలాంటి అరుగు మంచిది?

దుకాణంలో దొరికే వాటిలో గాజుకు రబ్బరు బుడిపెలతో అతుక్కునే ప్లాస్టిక్ అరుగు ఒకటి. చిన్న పిల్లలకు ఇది సరిపోతుంది. బరువు పెరిగే కొద్దీ బుడిపెలు జారిపోతాయి. తేలే అరుగులో ఓ సుగుణం ఉంది. నీటి మట్టం పెరిగినా తగ్గినా అదీ దాంతోపాటే కదులుతుంది. కానీ పెద్ద తాబేలు ఎక్కితే ఓ పక్కకు ఒరుగుతుంది, డొప్ప సగం తడిలోనే ఉండిపోతుంది. థర్మాకోల్ ముక్క తేలుతుంది కదా అని వేయడం మాత్రం ప్రమాదం. కొరికి మింగేస్తుంది.

ఇంట్లోనే చేసుకోవాలంటే నాపరాయి ముక్క, పాత ఇంటి మీది బంగాళాపెంకు బాగా పనికొస్తాయి. పదునైన అంచుల్ని మాత్రం అరగదీయాలి. టెక్కలి వైపు గ్రానైట్ ముక్కలకు కొదవ లేదు గానీ, పాలిష్ చేసిన ముఖం పైకి పెడితే తాబేలు జారిపోతుంది. అలాగని మరీ గరుకుగా ఉంటే పొట్ట కింది డొప్ప గీసుకుపోయి ఆ గీతల్లోంచి రోగం ఎక్కుతుంది. గోరు పట్టేంత గరుకు, పొట్ట రాసుకోనంత నునుపు ఉండాలి. పచ్చి సిమెంటు వద్దు. దానిలోని సున్నం నీళ్లలోకి దిగుతుంది. రంగు, వార్నిష్ వేసిన చెక్కా వద్దు.

రాళ్లను ఒకదాని మీద ఒకటి ఊరికే పేర్చకండి. తాబేలు తోసిందంటే కూలి గాజైనా పగులుతుంది, తాబేలైనా కింద ఇరుక్కుంటుంది. అక్వేరియాలకు వాడే సిలికాన్‌తో అతికించి, పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి. అరుగు కింద ఖాళీ ఉంటే తాబేలు సులువుగా దూరి బయటకు వచ్చేంత ఉండాలి, లేదంటే అసలు దూరలేనంత ఇరుకుగా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే తల దూర్చి ఇరుక్కుపోతుంది. నీటి తాబేలు కూడా పీల్చేది గాలినే. పైకి రాలేకపోతే మునిగి చనిపోతుంది.

కొలతలు మరవొద్దు

అరుగు పొడవు తాబేలు డొప్పకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు మూడు పెంచుతుంటే అన్నీ ఒకేసారి పట్టాలి. లేకపోతే బలమైనది మిగతావాటిని కిందకు తోసేస్తుంది. అరుగుకు నీళ్లలోంచి మెల్లగా ఎక్కే వాలు ఉండాలి. పై భాగం నీటికి రెండు మూడు అంగుళాల ఎత్తున పూర్తిగా పొడిగా ఉండాలి. అరుగు నుంచి తొట్టి అంచు బాగా ఎత్తులో ఉందో లేదో కూడా చూసుకోండి. తాబేలు నెమ్మదస్తురాలే గానీ గోడ దూకడంలో దిట్ట!

అరుగు పైన రెండు దీపాలు కావాలి. ఒకటి వేడికి, ఒకటి యూవీబీకి. యూవీబీ ట్యూబు ఎంత ఎత్తులో ఉండాలో దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డు పెట్టకూడదు. వెలుగు మామూలుగానే కనిపిస్తున్నా లోపలి యూవీబీ తరిగిపోతుంది కాబట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. వేడి ఎంతుందో చేత్తో కాదు, తాబేలు వీపు ఎత్తులో థర్మామీటర్ పెట్టి చూడాలి. మన వేసవిలో వేడి దీపం అక్కర్లేని రోజులూ ఉంటాయి.

తుపానొస్తే?

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు దీపం వెలగదు, ఫిల్టర్ తిరగదు. చేపల్లా తాబేలు గాలి పంపు మీద ఆధారపడదు కాబట్టి కంగారు పడనక్కర్లేదు. తిండి తగ్గించి, నీళ్లు మారుస్తుంటే చాలు. వాన వెలిశాక వెడల్పాటి టబ్బులో కొద్దిగా నీళ్లు, ఓ రాయి వేసి పొద్దుటి ఎండలో కాసేపు ఉంచండి. సగం టబ్బు నీడలో ఉండాలి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. కాకి, పిల్లి కాచుకునే ఉంటాయి.

కొనేముందు...

రూపాయి బిళ్లంత ఉన్న ఆ పిల్ల ఆడదైతే అడుగు పొడవు దాకా ఎదుగుతుంది. ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఈ రోజు కొన్న అరుగు, తొట్టి ఎల్లకాలం చాలవు. దీని ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే నిషేధించింది ఈ భయంతోనే.

భారమైందని నాగావళిలోనో, చంపావతిలోనో, గుడి కోనేటిలోనో వదిలేయడం పుణ్యం కాదు. ప్రపంచంలోకెల్లా హానికరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో స్లైడర్ ఒకటి. మన తాబేళ్ల తిండిని, అవి ఎండ కాచుకునే రాళ్లను కూడా ఆక్రమించేస్తుంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దాని దిగుమతిని ఆపేసింది. పెంచలేమనుకుంటే పెంచగలిగినవాళ్లకు అప్పగించాలి. అదీ కుదిరేలా లేదనిపిస్తే అసలు కొనకపోవడమే మేలు. శ్రీకూర్మం ఎంతో దూరం లేదు. పిల్లాడిని మళ్లీ తీసుకెళ్లి చూపించొచ్చు.

ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం ఈ ఆదివారమే తొట్టిలో ఓ అరుగు కట్టండి. మొదట్లో మనిషి అలికిడి వింటే చాలు, నీళ్లలోకి దూకేస్తుంది. కొన్ని రోజులు దాన్ని కదిలించకండి. అస్సలు ఎక్కడం లేదంటే వాలునో వేడినో సరిచూడండి. నీళ్లలోకే దిగడం లేదంటే, ముక్కులోంచి బుడగలు వస్తుంటే, ఓ పక్కకు ఒరిగి తేలుతుంటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అన్నీ కుదిరిన రోజున మెడ బారచాపి, వెనక కాళ్లు రెండూ వెనక్కి జాడించి, వేళ్లు విప్పుకుని, దీపం కింద కునుకు తీస్తూ కనిపిస్తుంది. అరుగు నచ్చిందని అర్థం.