తపాలా గుమాస్తా చిత్రశాల

పిల్లలూ! అమెరికా రాజధాని అయిన వాషింగ్టన్ నగరంలో నేషనల్ గేలరీ ఆఫ్ ఆర్ట్ అనే గొప్ప చిత్రశాల ఉన్నది. 1994 లో అక్కడ ఒక ప్రదర్శన జరిగింది. అందులో పెట్టిన వస్తువులన్నీ ఒకే ఇంటివారు పోగుచేసినవి. వారు కోటీశ్వరులూ కారు, జమీందారులూ కారు. భర్త పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే గుమాస్తాగా పనిచేసినవాడు. భార్య గ్రంథాలయంలో ఉద్యోగం చేసినది.

హెర్బర్ట్ వోగెల్, డొరొతీ వోగెల్ అని వారి పేర్లు. హెర్బర్ట్ న్యూయార్కులో ఒక దర్జీ కొడుకు. హైస్కూలు చదువు మధ్యలోనే మానేశాడు. (ఈ ఒక్క విషయంలో మీరు అతన్ని అనుకరించకండి!) రాత్రిళ్ళు పోస్టాఫీసులో పనిచేసేవాడు. మిగిలిన కాలమంతా చిత్రకళ మీదనే అతని ధ్యాస. 1962 లో డొరొతీని పెళ్ళాడి, కొత్త పెళ్ళికూతురిని వాషింగ్టన్ చిత్రశాలకు తీసుకువెళ్ళాడు. చిత్రాలను ఎలా చూడాలో ఆమె నేర్చుకున్నది అక్కడే.

మొదట్లో ఇద్దరూ బొమ్మలు వేయటం నేర్చుకున్నారు. కొంత కాలానికి, తాము వేసినవాటి కంటె ఇతరులు వేసినవే బాగున్నాయని వారికి తోచింది. వెంటనే తమ బొమ్మలను గోడల మీదినుంచి దించేశారు. ఇలా దించగలవారు అరుదు!

డొరొతీ జీతంతో ఇల్లు గడిచేది. హెర్బర్ట్ జీతం చిత్రాలు కొనటానికి. పేరు మోసిన చిత్రకారుల పనులు కొనే స్తోమతు వారికి లేదు. కనుక అప్పటికి ఎవరూ పట్టించుకోని యువ చిత్రకారుల ఇళ్ళకే పోయి, వాయిదాల మీద కొనేవారు. ధర తమకు అందుబాటులో ఉండాలి, టాక్సీలోనో, భూగర్భ రైలులోనో ఇంటికి తెచ్చుకోగలగాలి, ఇంట్లో పట్టాలి. ఇవీ వారి నియమాలు. ఇల్లంటే ఒకే పడకగది ఉన్న చిన్న అద్దె వాటా! అందులోనే పిల్లులు, తాబేళ్ళు, చేపల తొట్టి కూడాను. ఒకసారి ఆ తొట్టిలోని నీళ్ళు చింది ఒక చిత్రం పాడయితే బాగుచేయించవలసి వచ్చింది. క్రిస్టో అనే కళాకారుడు 1972 లో కొలరాడో రాష్ట్రంలో ఒక లోయకు అడ్డంగా బ్రహ్మాండమైన తెర కట్టించాడు. ఆయన పిల్లిని కొన్నాళ్ళు సాకి పెట్టినందుకు ఆ తెరకు సంబంధించిన చిత్రమొకటి వీరికి దక్కింది.

ఇంతకూ వారు కొన్నవి ఎలాంటివి? నలగగొట్టిన కారు రేకులతో చేసిన శిల్పం. మూడంగుళాల తాడుముక్కను గోడకు మేకులతో కొట్టి, అదే కళాఖండమన్న రిచర్డ్ టటుల్ పని. "ఇదేమి బొమ్మ మాస్టారూ?" అంటారు మీరు. పెద్దవాళ్ళు కూడా అలాగే అన్నారు. చెట్టు, పుట్ట, మనిషి అని పోల్చుకోవటానికి వీలులేని ఇలాంటి కళను నైరూప్య కళ అంటారు. మీ అమ్మ వాకిట్లో వేసే మెలికల ముగ్గు ఏ వస్తువుకు బొమ్మ? దేనికీ కాదు. అయినా కళ్ళు ఆ గీత వెంట పోతాయి గదా!

సాల్ లెవిట్ అనే ఆయన గోడ మీద గీతలు ఎలా గీయాలో కాగితం మీద రాసి ఇచ్చేవాడు. వేరేవాళ్ళు వచ్చి అలాగే గీసేవారు. ఎన్ని చుక్కలో, సందు చుక్కలో, ఎదురు చుక్కలో చెబితే పక్కింటి అమ్మాయి ముగ్గు పెట్టేయటం లేదూ? అలాగే ఇదీను. ఇంత చెప్పినా ఆ తాడుముక్క మీకు నచ్చకపోవచ్చు. నచ్చి తీరాలని నేననను. కాని తెల్లని పెద్ద గోడ మీద అదొక్కటే ఉంటే, మీ చూపు మాత్రం దాని మీదికే పోతుంది.

ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ యువకులు పేరుపొందారు. పనుల ధరలు అమాంతం పెరిగిపోయాయి. కొన్నిటిని అమ్ముకున్నా వోగెల్ దంపతులు మేడలు కట్టుకునేవారే. వారు ఒక్కటీ అమ్మదలచుకోలేదు. తాము ప్రజల కొలువులో జీతం పుచ్చుకున్నవాళ్ళం గనుక ఇవి ప్రజలకే చెందాలన్నారు. వాషింగ్టన్ చిత్రశాలలో ప్రవేశ రుసుము లేదు. పైగా దానమిచ్చిన వస్తువులను అది అమ్మదు. అందుకని 1992 లో దానితో ఒప్పందం చేసుకున్నారు. మంచం కింద, అలమారలలో కిక్కిరిసి ఉన్న రెండువేలకు పైగా వస్తువులను తీసుకుపోవటానికి అయిదు పెద్ద లారీలు కావలసి వచ్చాయి! 1994 నాటి ప్రదర్శన ఆ లారీలలో వెళ్ళిన వాటితోనే.

ఇల్లు ఖాళీ అయింది. చిత్రశాలవారు ముసలితనంలో ఆసరాగా ఏటా కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేశారు. భార్యాభర్తలు ఆ సొమ్ముతో ఏం చేశారనుకుంటున్నారు? మళ్ళీ చిత్రాలు కొన్నారు! మొత్తం నాలుగువేలు దాటాయి. అన్నిటినీ దాచటం ఒక్క చిత్రశాల వల్ల అయ్యే పని కాదు. 2008 లో, అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ రాష్ట్రానికొక మ్యూజియం చొప్పున ఎంచి, ఒక్కొక్కదానికి 50 చొప్పున పంచిపెట్టే పథకం ప్రకటించారు. మొత్తం ఎన్నయ్యాయో మీరే గుణించి చూడండి.