ఫోన్ ఫార్మాట్ చేశాక కూడా బ్యాలెన్స్ ఎందుకు కట్ అవుతోంది?

ఈ ఎపిసోడ్ మా ఇంటి గొడవతో మొదలుపెడతాను, ఏమనుకోకండి. విషయం అక్కడే ఉంది.

మా మేనమామ కువైట్‌లో డ్రైవర్. మాది రాజంపేట వైపు. మా పక్క ఏ వీధిలో చూసినా కువైట్‌లో ఉన్నవాళ్ల ఇల్లు ఒకటైనా ఉంటుంది, కాబట్టి అదేం విశేషం కాదు. 2021లో ఒక శుక్రవారం రూమ్‌లో వై-ఫై మీద ఫోన్ చేశాడు. "అల్లుడూ, పోయిన శుక్రవారం ఐదు దినార్ల కార్డు ఏసినా. ఎవురితోనూ మాట్లాడింది లేదు. ఈ పొద్దు చూస్తే రెండున్నర కూడా లేదు. యాడికి పోతాండాయి దుడ్లు?" అన్నాడు. అప్పట్లో దినారంటే దాదాపు 245 రూపాయలు. అంటే వారానికి ఆరేడు వందలు ఊరికే పోతున్నాయన్నమాట.

కస్టమర్ కేర్‌కి చేశాడట. అక్కడివాళ్లు చెప్పింది ఏంటంటే, మీ నంబర్ మీద రెండు సర్వీసులు నడుస్తున్నాయి, ఒకటి గేమ్స్, రోజుకి 250 ఫిల్స్, ఇంకోటి ఏదో వీడియో క్లబ్, వారానికి ఒక దినార్. "మీరే సబ్‌స్క్రైబ్ చేసుకున్నారు, మీ కన్ఫర్మేషన్ మా దగ్గర ఉంది" అని కూడా అన్నారు. వీడియో క్లబ్ అన్న మాట రూమ్‌లో అందరూ విన్నారు. ఇక చూడండి. ఆ మాట ఎలా చేరిందో ఊళ్లో మా అత్త దాకా చేరింది. "ఏం వీడియోలు అవి?" అని ఆమె అడిగితే ఈయన దగ్గర సమాధానం లేదు. యాభై దాటిన మనిషి, ఇంగ్లీషులో మెసేజ్ వస్తే పక్కవాళ్లతో చదివించుకునే మనిషి.

నేను అప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. బీటెక్‌లో నెట్‌వర్క్స్ లేయర్లు ఏడూ బట్టీ పట్టినవాణ్ని. ఏం చెప్పి ఉంటానంటారు? "వైరస్ మామా, ఫోన్ ఫార్మాట్ కొట్టు, పోతుంది." రెండు నిమిషాల్లో తేల్చేశాను. ఆయన కొట్టేశాడు. అంతకుముందు సెలవులో ఊరొచ్చినప్పుడు మా అవ్వతో తీసుకున్న ఫోటోలు అందులో ఉన్నాయి. అవ్వ ఆ తర్వాత ఆరు నెలలకి పోయింది. బ్యాకప్ ఉందా అని నేను అడగలేదు, ఆయనకి ఆ మాటే తెలియదు. వాట్సాప్‌లో పంపినవి నాలుగైదు దొరికాయి, మిగతావి పోయాయి.

తెల్లారి పొద్దున మళ్లీ 250 ఫిల్స్ కట్.

అంత ఖరీదైన తప్పుడు సలహా నేను ఇంకెవరికీ ఇవ్వలేదు. అందుకే ఈ టాపిక్ మీద ఇంత పట్టుదలగా చదివాను.

సో, ఎందుకు ఆగలేదు? మీ ఇంటికి పాలాయన వస్తాడు కదా. ఇంట్లో పనికి వచ్చిన ఒకడు మీకు చెప్పకుండా "అయ్యగారు రేపట్నుంచి ఇంకో లీటర్ వేయమన్నారు" అని పాలాయనకి చెప్పాడనుకోండి. వాణ్ని మీరు పట్టుకుని బయటికి గెంటేశారు. బాగుంది. కానీ రేపు పొద్దున లీటర్ వస్తుందా రాదా? వస్తుంది. ఎందుకంటే లెక్క ఉన్నది పాలాయన పుస్తకంలో. మీరు వెళ్లి ఆయనకి చెప్పేదాకా ఆ లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ గెంటేయాల్సినవాడు యాప్, పాలాయన ఆపరేటర్. మేం ఫోన్‌ని తుడిచేశాం గానీ, సబ్‌స్క్రిప్షన్ ఉన్నది ఫోన్‌లో కాదు, ఆపరేటర్ సర్వర్‌లో, మామ నంబర్ పక్కన.

ఈ మోసం కొత్తది కాదు. మోడెమ్‌తో ఇంటర్నెట్ కలుపుకునే రోజుల్లో డయలర్లు అని ఉండేవి. మీ కనెక్షన్ తెంపి, గుట్టుగా ఏదో ఖరీదైన నంబర్‌కి డయల్ చేసేవి. నెలాఖరుకి బిల్లు చూస్తే కళ్లు తిరిగేవి. ఆండ్రాయిడ్ వచ్చాక 2010లో ఫేక్‌ప్లేయర్ అనేది బయటపడింది. పైకి వీడియో ప్లేయర్, లోపల రష్యాలోని ప్రీమియం నంబర్లకి ఎస్సెమ్మెస్‌లు పంపడం. ఆ దారిని గూగుల్ మెల్లగా మూసింది. ఆండ్రాయిడ్ 4.2 నుంచి ప్రీమియం నంబర్‌కి మెసేజ్ వెళ్లబోతే ఫోనే మిమ్మల్ని అడుగుతుంది. 2019 నుంచి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఏ యాప్‌కి పడితే ఆ యాప్‌కి ప్లే స్టోర్‌లో ఇవ్వడం లేదు. దాంతో దొంగలు ఇంకో దారి మీద ఎక్కువగా పడ్డారు, ఆ దారి పేరు వ్యాప్ బిల్లింగ్.

ఇది కొంచెం నిదానంగా చెప్తాను. మీరు వై-ఫైలో ఒక వెబ్‌సైట్ తెరిస్తే ఆ సైట్‌కి మీ ఫోన్ నంబర్ తెలియదు. కానీ మొబైల్ డేటా మీద తెరిస్తే ఆ రిక్వెస్ట్ మీ ఆపరేటర్ చేతుల మీదుగా పోతుంది. సిమ్ ఎవరిదో ఆపరేటర్‌కి తెలుసు. ఆ సర్వీసుతో ఆపరేటర్‌కి ఒప్పందం ఉంటే, మీ నంబర్ మీరు టైప్ చేయక్కర్లేకుండానే గుర్తుపడతారు. కార్డు వద్దు, పాస్‌వర్డ్ వద్దు. పేజీలో "సబ్‌స్క్రైబ్" బటన్ నొక్కితే చాలు, కొన్నిచోట్ల పైన ఒక ఓటీపీ. డబ్బు బ్యాలెన్స్‌లోంచో బిల్లులోంచో పోతుంది. పద్ధతి చట్టబద్ధమైనదే. బ్యాంకు కార్డు లేనివాళ్లు కూడా రింగ్‌టోన్, గేమ్ కొనుక్కోవడానికి పెట్టారు. మరి ఆ బటన్ నొక్కింది మనిషా, ప్రోగ్రామా అన్నది చూసేవాళ్లెవరు?

సరిగ్గా ఆ సందులో దూరింది జోకర్. గూగుల్ వాళ్లు దీన్ని బ్రెడ్ అని పిలుస్తారు, 2017 నుంచి దాని వెంట పడుతున్నారు. 2019 సెప్టెంబర్‌లో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు ప్లే స్టోర్‌లో 24 యాప్‌లలో దీన్ని పట్టుకుని వివరాలు బయటపెట్టాడు. అప్పటికి అవి 4,72,000కి పైగా ఇన్‌స్టాల్ అయ్యాయి. ఆయన ఇచ్చిన ఉదాహరణ డెన్మార్క్‌ది, వారానికి 50 క్రోనర్ల సబ్‌స్క్రిప్షన్. ఆ 24 యాప్‌ల కోడ్‌లో 37 దేశాల జాబితా ఉంది. సిమ్ ఏ దేశానిదో ముందు చూస్తుంది. ప్రతి సిమ్‌లో దేశం కోడ్ ఒకటి ఉంటుంది, మనకి 404, 405, కువైట్‌కి 419. జాబితాలో లేని దేశమైతే మర్యాదగా మామూలు యాప్‌లా కూర్చుంటుంది. ఆ జాబితాలో ఇండియా ఉంది, కువైట్, ఖతర్, యూఏఈ కూడా ఉన్నాయి. అంటే మనవాళ్లు పనికి వెళ్లే చోట్లన్నమాట.

2020 జనవరిలో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం ఈ కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లని ఎవరూ డౌన్‌లోడ్ చేయకముందే తీసేశారు. ఒక్కోరోజు 23 యాప్‌ల దాకా పంపేవారట. నిజం చెప్పాలంటే ఆ ఓపిక చూసి నాకు కొంచెం ముచ్చటేసింది, మా టీమ్‌లో వారానికి ఒక రిలీజ్‌కే కిందామీదా పడేవాళ్లం. ఇంత కాపలా ఉన్నా ఎలా దూరుతున్నాయంటే, స్టోర్‌కి పంపేటప్పుడు యాప్ దాదాపు శుభ్రంగా ఉంటుంది. అసలు సరుకు తర్వాత సర్వర్ నుంచి దిగుతుంది.

దిగాక ఏం చేస్తుందో మైక్రోసాఫ్ట్ వాళ్లు 2022లో అంచెలంచెలుగా రాశారు. ముందు వై-ఫై ఆపేస్తుంది, లేదా మీరు మొబైల్ డేటాకి మారేదాకా కాచుకుంటుంది. ఎందుకో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది, వై-ఫైలో నంబర్ దొరకదు కదా. కొత్త ఆండ్రాయిడ్‌లో యాప్‌లు వై-ఫై ఆపలేవు గానీ, వై-ఫై నడుస్తుండగానే తన పనికి మాత్రం మొబైల్ నెట్‌వర్క్ కావాలని అడగొచ్చు. తర్వాత మీకు కనబడకుండా సబ్‌స్క్రిప్షన్ పేజీ తెరిచి, జావాస్క్రిప్ట్‌తో తనే బటన్ నొక్కుతుంది. ఓటీపీ వస్తే అది మీ తెర మీద కనబడే నోటిఫికేషన్‌లోంచే చదివి, తనే వేసి, ఆ నోటిఫికేషన్‌ని తీసేస్తుంది. ఆపరేటర్ రికార్డులో చూస్తే అంతా సక్రమం. మామ ఫోన్ నుంచే, మామ సిమ్ నుంచే, మామ ఓటీపీతో. కస్టమర్ కేర్ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, ఆమె ముందున్న స్క్రీన్ అదే చెప్తోంది.

ఇక్కడ ఇంకో ముక్క. నోటిఫికేషన్లు చదివే యాప్ మీ బ్యాంకు ఓటీపీ కూడా చదవగలదు. కాబట్టి ఇలాంటిది దొరికితే పోయిన 250 ఫిల్స్ ఒక్కటే చూడకండి, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా చూడండి.

సరే, మామ ఫోన్‌లో ఏది? అకామా కాగితాలు ఫోటో తీసి పంపాలని ఎవరో చెబితే ఒక డాక్యుమెంట్ స్కానర్ వేసుకున్నాడు. అది నోటిఫికేషన్ యాక్సెస్ అడిగింది, ఇచ్చాడు. స్కానర్‌కి మన నోటిఫికేషన్లతో ఏం పని? అదే ప్రశ్న. పైగా నేను ఫార్మాట్ కొట్టించాక గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాడు, ఫోన్ పాత యాప్‌లన్నీ తెచ్చిపెట్టనా అంది, సరే అన్నాడు. అది మళ్లీ వచ్చి కూర్చుంది, మళ్లీ యాక్సెస్ అడిగింది, మళ్లీ ఇచ్చాడు. ఫోటోలు రాలేదు, దొంగ మాత్రం తిరిగొచ్చాడు.

కాబట్టి మీకో, ఇంట్లోవాళ్లకో ఇలా జరిగితే మొదట మొబైల్ డేటా ఆపండి. వై-ఫై ఉంచుకోవచ్చు. కొత్త సబ్‌స్క్రిప్షన్లు పడే దారి దాదాపు అక్కడే మూసుకుంటుంది. కట్ అయినట్టు వచ్చిన మెసేజ్‌లు, బిల్లు, బ్యాలెన్స్ హిస్టరీ ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌కి పంపండి. ఏదీ డిలీట్ చేయకండి, తర్వాత వాదించడానికి అవే ఆధారం.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట "నోటిఫికేషన్ యాక్సెస్" అని కొట్టండి. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో మూల ఉంటుంది, వెతకడమే తేలిక. స్మార్ట్ వాచ్ యాప్ ఉంటే అర్థముంది. వాల్‌పేపర్, స్కానర్, ఫోటో ఎడిటర్, టార్చ్ లాంటివి ఆ లిస్టులో ఉంటే ముందు యాక్సెస్ తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డిఫాల్ట్ మెసేజ్ యాప్ ఏదో కూడా చూడండి, ఎమోజీల కోసమని వేసుకున్న కొత్త మెసేజింగ్ యాప్ ఆ సీట్లో కూర్చుని ఉండొచ్చు. మొదటిసారి డబ్బు కట్ అయిన తేదీకి ముందు ఆ నెలలో ఏమేం వేశారో గుర్తుచేసుకోండి. ఐకాన్ కనబడకపోయినా సెట్టింగ్స్‌లో మొత్తం యాప్‌ల లిస్టులో ఉంటుంది. ఇంత చేస్తే చాలాసార్లు ఫార్మాట్ అవసరమే రాదు. తప్పనిసరైతే ఫోటోలు దాచుకుని చేయండి, తర్వాత యాప్‌లని ఒకేసారి వెనక్కి తెచ్చుకోకుండా కావాల్సినవి ఒక్కొక్కటే వేసుకోండి.

ఇక పాలాయన. ఆపరేటర్‌కి ఫోన్ చేసినప్పుడు "డబ్బు ఎందుకు కట్ అయింది" అని అడిగితే కథ సాగుతుంది. "నా నంబర్ మీద నడుస్తున్న సర్వీసులన్నీ చదవండి" అనండి. ఒకటి రద్దు చేసి పెట్టేయకండి, అన్నీ చదివించుకోండి. అన్నీ ఆపించి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. చివర్లో, ఇకమీద బయటి కంపెనీల కంటెంట్ సర్వీసులు ఏవీ నా నంబర్ మీద పడకుండా బ్లాక్ చేయమనండి. ఈ మాట మీరు అడిగితేనే, వాళ్లంతట వాళ్లు చెప్తారని అనుకోకండి. ఇలాంటి సర్వీసుల డబ్బులో ఆపరేటర్‌కీ వాటా ఉంటుంది మరి. నా వరకు నాకు, ఆ బ్లాక్ మొదట్నుంచీ వేసే ఉండాలి, కావాల్సినవాళ్లు తీయించుకోవాలి.

ఇండియాలో అయితే 155223 అనే నంబర్ ఉంది, ఏ ఆపరేటర్ అయినా ఇదే. దీనికి ఫోన్ చేసి గానీ, స్టాప్ అని మెసేజ్ పంపి గానీ ఇలాంటి సర్వీసులు ఆపించుకోవచ్చు. ట్రాయ్ 2013లో ఇంకో నియమం కూడా పెట్టింది, మీరు రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప సర్వీస్ మొదలుపెట్టకూడదని. పాప్‌అప్ మీద వేలు పొరపాటున తగిలి రోజూ కట్ అయ్యే బాధ దానివల్ల తగ్గింది. కానీ ఫోన్ లోపలే కూర్చుని మెసేజ్‌లు చదివేవాడికి ఒక బటన్ అయినా రెండైనా పెద్ద తేడా లేదు. పైగా ఇప్పుడు మనలో ఎక్కువమంది నెలవారీ ప్యాక్ వేసుకుంటాం, మెయిన్ బ్యాలెన్స్ సున్నా, దోచడానికి ఏమీ ఉండదు. పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్లు మాత్రం బిల్లులో మొత్తం ఒక్కటే చూడకుండా కింద విడివిడి లైన్లు చదవండి. ఆపరేటర్ దగ్గర పని జరక్కపోతే పైస్థాయి అప్పీలు ఉంటుంది. మోసం పెద్దదైతే, ముఖ్యంగా బ్యాంకు డబ్బు పోతే, 1930కి వెంటనే చేయండి. కువైట్‌లో ఉన్నవాళ్లకి టెలికాం నియంత్రణ సంస్థ సిట్రా ఉంది. ముందు ఆపరేటర్ దగ్గర ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ పట్టుకుని అక్కడికి వెళ్లాలి.

మామకి అలాగే చేశాం. ఈసారి నేను వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కో సెట్టింగ్ చూపించాను. రూమ్‌లో హిందీ బాగా వచ్చిన ఒకాయన కస్టమర్ కేర్‌తో మాట్లాడాడు. సర్వీసుల లిస్ట్ చదివిస్తే రెండు కాదు, మూడున్నాయి, మూడోది ముందురోజే పడింది. మూడూ ఆగాయి. నాలుగు దినార్లు బ్యాలెన్స్‌లో వెనక్కి వేశారు, మిగతాది రాలేదు. రూమ్‌లో ఇంకో ఇద్దరి ఫోన్లలో అదే స్కానర్ ఉంది, ఈయన చెబితే వేసుకున్నారు.

మా అత్తకి మాత్రం నేనే వెళ్లి చెప్పాను. పాలాయన కథ ఆమె కోసం చెప్పిందే. మొత్తం విని, "అయితే ఆ బటన్ ఈయప్ప నొక్కలేదంటావ్" అంది. నొక్కలేదత్తా అన్నాను. "మరి అప్పుడే నోరు తెరిచి చెప్పచ్చు కదా" అంది. ఆయనకే తెలియదు, ఏం చెప్తాడు.

నోటిఫికేషన్ యాక్సెస్ లిస్ట్ ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి, మీది చూశాక అమ్మానాన్నలది కూడా. వచ్చే ఎపిసోడ్‌లో ఫోటోల బ్యాకప్ గురించి మాట్లాడుకుందాం. ఎందుకో మీకు తెలుసు. ఉంటానండీ.