ఇరుజాతుల పెండ్లివిందునకు భోజనశాలను కుదుర్చుట

పెండ్లికెదిగిన పిల్లవానిని మనవారు "పెండ్లి యెప్పుడు?" అని అడుగరు, "పప్పన్న మెప్పుడు పెట్టెదవు?" అని అడుగుదురు. ఈ మాటలో లోకానుభవము చాల గలదు. మంత్రము పురోహితునకు తెలియును, సంతకము ప్రభుత్వమువారి పుస్తకములో నుండును. కాని యీ సంబంధమును మే మంగీకరించితిమని బంధుజనము తెలుపునది విస్తరిముందు కూర్చుండియే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరములో మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు వంటవారును, నీళ్లు మోయువారును రాక మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చి వంటచేసిరి. నాటి వెలి యంతయు పంక్తిని బట్టియే సాగినది. ఎవరి యింట నెవరు తినిరనుటయే అప్పటి ప్రశ్న.

నేడు ప్రశ్న మారినది. కలిసి భుజించుటకు పెద్దలు సమ్మతించుచున్నారు; ఎక్కడ భుజింపవలెననునది తేలకున్నది. ఈ ప్రసంగములో సింగపూరును ఉదాహరణముగ గైకొందును. 2020 నాటి జనాభాలెక్కలనుబట్టి అచ్చటి స్థిరనివాసులలో నూటికి 74 మంది చీనావారు, 9 మంది భారతీయులు. తెలుగువారు అచ్చట చిరకాలమునుండి యున్నారు. వారి సమాజము 1975లో వెలసినది. అట్టి యొక తెలుగు పిల్లవానికిని చీనా పిల్లకును పెండ్లి కుదిరినదనుకొందము. పిల్లవాని అమ్మమ్మ గ్రుడ్డును సైతము ముట్టనిది. పిల్ల తాతగారు నిండుచేప లేని విందును విందుగ నెంచనివారు. ఈ యిరువురును ఒక్క కప్పుక్రింద, మనసు చిన్నబుచ్చుకొనకుండ, కడుపునిండ తినవలయును. ఇదియే మన సమస్య.

మొదట తేదినిగూర్చి చెప్పవలయును. భోజనశాలను వెదకుటకు బయలుదేరువారు తేదిని చేతబట్టుకొని పోవలెను గదా! మనము ఆషాఢమును శూన్యమాసమని విడిచి, శ్రావణము రాగానే ముహూర్తములు పెట్టుదుము. చీనావారి చాంద్రమానములో ఏడవమాసము ప్రేతమాసము. అందు వారు శుభకార్యములు తలపెట్టరు. వారి మాసములును మనవలెనే అమావాస్యనుబట్టి లెక్కకు వచ్చును గనుక, వారి యేడవమాసము తఱచుగ మన శ్రావణముతో కలియును. 2024లో రెండును ఆగస్టు మొదటివారముననే ఆరంభమైనవి. అనగా మనకు తలుపు తెఱచిననాడే వారికి తలుపు మూయబడును. అధికమాసములు ఇరువురకు వేర్వేఱుచోట్ల పడుటచే కొన్ని యేండ్లు ఈ లెక్క తప్పును. 2025లో వారికి ఆఱవమాసము అధికమై వచ్చినందున ఏడవమాసము వెనుకకు జరిగినది. కావున పంచాంగమును, వారి తిథిపత్రికను ప్రక్కప్రక్కన బెట్టుకొని చూచి, పిమ్మటనే భోజనశాలకు బయానా ఇయ్యవలయును.

ఇక స్థలము. సింగపూరులో నాలుగు తెఱగుల చోట్లు దొరకును. మొదటిది దేవాలయముల కల్యాణమండపము; సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు అట్టి మండపము గలదు. మనవారికి సుఖమే గాని, అచ్చట మత్స్యమాంసములకు తావులేదు. రెండవది మన శాకాహార భోజనశాలలు. 1947 నుండి నడచుచున్న కోమలవిలాస్ వంటివి అదే వీథిలో గలవు. అమ్మమ్మకు నిశ్చింత, తాతగారికి మాత్రము చిన్నతనము. మూడవది చీనావారి పెద్ద విందుశాలలు. నాలుగవది పెద్ద హోటళ్లు. వీనిలో కొన్నిట రెండు వంటయిండ్లు నడపుటకును, బయటి వంటవారిని రానిచ్చుటకును ఒప్పుకొందురు, కాని వెల హెచ్చు.

ఈ నాలుగింటిలో ఏది తగునో తేల్చుటకు ముందు రెండు విందుల కట్టుబాటులను ఎఱుగవలయును. మనది బంతిభోజనము. మొదటి బంతి లేచిన వెనుక రెండవ బంతి కూర్చుండును. అనుకొన్నదానికంటె నలువది మంది హెచ్చుగ వచ్చినను వంటవాడు మఱియొక గుండిగ దింపి సర్దును. చీనావారిది బల్లల లెక్క. గుండ్రని బల్లకు పదిమంది. నడుమ తిరుగు పీట. దానిపై ఎనిమిది తొమ్మిది వంటకములు ఒకటివెనుక నొకటిగ వచ్చును. చల్లని వంటకముల పళ్లెరము, చారు, కోడి, నిండుచేప, కూరలు, తుదకు సేమ్యాలవంటివో అన్నమో, ఆపై తీపి. చేప అను మాటయు సమృద్ధి అను మాటయు వారి భాషలో ఒక్క తీరుననే పలుకును గనుక చేప నిండుగనే రావలయును. ఇన్ని బల్లలని ముందుగ చెప్పి రూఢి చేసినపిమ్మట పెంచుట కష్టము. కాబట్టి "సకుటుంబముగ రండు" అని నోటిమాటగ పిలుచు మన యలవాటు ఇచ్చట పనికిరాదు. వచ్చువారి పేర్లను వ్రాసికొని పిలువవలయును.

లెక్కను చూడుడు. అతిథులు 200 మంది యైనచో బల్లలు 20. అందు శాకాహారులు 46 మంది యనుకొన్నచో వారికి 5 బల్లలు కావలయును, నాలుగు చోట్లు ఖాళీగ నుండును. ఆ నాలుగు చోట్లకై శాకాహారులను విడదీసి మాంసపుబల్లలకు పంపకుడు. తిరుగుపీటపై ఒకే గరిటె అన్నిటికిని తిరుగును. ఆ నాలుగు చోట్ల ఏది పెట్టినను తినగల బంధువులను కూర్చుండబెట్టుట మేలు. ఐదు బల్లలను ఒక మూలకు నెట్టుటయు తగదు. అందొకటి వధూవరుల బల్లచెంతనే యుండవలయును. మూలకు నెట్టబడితిమను తలపు పెద్దలకు ఆకలికంటె కష్టముగ నుండును.

వంటయింటి సంగతి అన్నిటికంటె ముఖ్యము. "శాకాహార మున్నదా?" అని యడిగిన "ఉన్నది" అనుటకు భోజనశాలవారు సందేహింపరు. వారు అబద్ధమాడరు, వారి మాటకు అర్థము వేఱు. ఆకుకూరపై ఆల్చిప్పల మాంసమునుండి చేసిన చిక్కని రసమును పోసినను, కోడియెముకల చారుతో వేయించినను, ఎండురొయ్యలు నూఱి కలిపినను, కొందఱి దృష్టిలో అది కూరయే. కావున పేరడుగక వస్తువు నడుగవలయును. నూనె యేది? పందికొవ్వు కలియునా? చారునకు మూలమేది? గ్రుడ్డు గలదా? బాణలి వేఱుగ నుంచెదరా? ఈ యైదు ప్రశ్నలకు సమాధానమును కాగితముపై వ్రాయించుకొనుడు.

ఇందు ఒక విశేషము గలదు. చీనావారిలో బౌద్ధనియమమును పాటించు శాకాహారులు మనకంటె కఠినులు. ఉల్లి, వెల్లుల్లి మొదలగు ఘాటైన శాకములను ఐదింటిని వారు వర్జింతురు. వారి గ్రంథములు చెప్పు ఆ యైదింటిలో ఇంగువయు చేరినది. మనవారు ఉల్లి మానిననాడు పులుసునకు, పప్పునకు ఇంగువనే వేయుదురు గదా! అటువంటి వియ్యపురాలికి మన మడివంట కూడ పనికిరాదన్నమాట. అట్లే గోమాంసము మనకు నిషిద్ధమని చెప్పుటకు జంకవలసిన పనిలేదు. కువాన్‌యిన్ దేవిని కొలుచు చీనా కుటుంబములలోను అనేకులు దానిని ముట్టరు. అడిగినగాని ఇట్టి పొత్తులు బయటపడవు.

ఇరుపక్షములకు మహమ్మదీయ మిత్రులుందురు. వారికి సింగపూరు ఇస్లామియ మతమండలి యిచ్చు హలాలు పత్రముగల శాల కావలయును. అట్టి శాలలో పందిమాంసమును, మద్యమును ఉండవు. చీనావారు విందునడుమ లేచి, గ్లాసులెత్తి, "యమ్ సెంగ్" అని దీర్ఘముగ కేకవేయుట ఆచారము. అది పండ్లరసముతోను తేనీటితోను చేసినను కొఱత లేదని వియ్యాలవారితో ముందే మాటలాడుకొనవలెను. విందుదినమున చెప్పిన అది నిషేధమగును. నెల ముందు చెప్పిన సలహా యగును.

వెలనుగూర్చి రెండుమాటలు. మన శాలలు మనిషికింత యని చెప్పును. చీనాశాలలు బల్లకింత యని చెప్పును. రెంటిని పోల్చునప్పుడు బల్లవెలను పదింట భాగింపవలయును. అచ్చట ప్రకటించిన వెలపై తఱచుగ నూటికి పదివంతున సేవారుసుమును, ఆ మొత్తముపై వస్తుసేవలపన్నును చేర్తురు. ఈ పన్ను 2024 జనవరి 1వ తేదినుండి నూటికి 9 అయినది. ఉదాహరణకు బల్లకు 1,000 డాలరు లన్నచో, రుసుముతో 1,100, పన్నుతో 1,199 డాలరు లగును. ఇరువది బల్లలకు తేడా 3,980 డాలరులు. ఈ తేడా విందు ముగిసిన రాత్రి తెలిసిన సంతోషము సగమగును.

కానుకలలోను పోలిక గలదు. చీనావారు ఎఱ్ఱని కవరులో సొమ్ముంచి ఇత్తురు. విందున తమ చోటి వెలను దృష్టియందుంచుకొని ఇచ్చుట అచ్చటి మర్యాద. సరిసంఖ్య శుభము, నాలుగు మాత్రము కూడదు, ఆ పలుకు మరణమను పలుకును పోలియుండుటచే. మన నూటపదహార్లు సరిసంఖ్యయే గనుక చిక్కులేదు. కవరు మాత్రము తెల్లనిది కారాదు. తెలుపు వారికి దుఃఖచిహ్నము. మధుపర్కముల తెలుపును చూచి వారు కలతపడకుండ, పసుపు అద్దిన ఆ యంచుల యర్థమును ముందుగ వివరించుట మంచిది.

వేళయు చూడవలయును. ఆహ్వానములో ఏడుగంటలని యున్నను చీనావిందున మొదటి పళ్లెరము ఎనిమిదికి గాని రాకపోవచ్చును. చీకటిపడకముందే ఫలహారము ముగించు మన వృద్ధులకు అది కష్టము. వారి బల్లలకు మాత్రము రాగానే వడ్డింపుడని శాలవారితో మాటలాడుకొనవచ్చును.

ఇన్నియు విని, మరి నాలుగు చోట్లలో దేనిని ఎన్నుకొనవలెనని మీరడుగుదురు. నా యభిప్రాయమిది. వంటకముల పట్టికను చూచి కాక, అతిథులలో ఎవరికి నియమములు హెచ్చో వారిని చూచి స్థలమును నిర్ణయింపుడు. అన్నియు తినువారు ఎక్కడనైనను తినగలరు; నియమముగలవారు ఒక్కచోటనే తినగలరు. మన యుదాహరణమునకు రెండు దారులు గలవు. సొమ్మున్నవారు రెండు వంటయిండ్లకు ఒప్పుకొను హోటలును కుదుర్చుకొనవచ్చును. లేనివారు ఉదయము కోవెల మండపములో పప్పన్నమును, వేఱొక సాయంకాలము చీనాశాలలో చేపయుగల చిన్నవిందును పెట్టవచ్చును. రెండవ దారిలో ఒక్క నియమము మఱవరాదు: రెండు విందులకును ఇరుపక్షముల పెద్దలును రావలయును. మన విందు మనకు, వారి విందు వారికి అన్నచో, పంక్తిభేదము పేరు మార్చుకొని తిరిగివచ్చినట్లే యగును.

బయానా ఇచ్చుటకు ముందు శాలవారు రుచిచూపుటకు పిలుతురు. ఆనాడు వధూవరులు మాత్రమే పోవుట వాడుక. అట్లుగాక, అమ్మమ్మను, తాతగారిని వెంటబెట్టుకొని పొండు. ఒకరి భాష ఒకరికి రాకున్నను, ఏది తాకక ప్రక్కకు జరిపిరో, దేనిని రెండవమాఱు వడ్డించుకొనిరో ఒకరినొకరు చూచుకొందురు. పెండ్లినాటికి వారు క్రొత్తవారు కారు. ఆ బల్లకడ కుదిరిన స్నేహమును చూచుకొని పిమ్మట బయానా సొమ్ము చెల్లింపుడు.