తాను తానేయని ఋజువు

భూమి రిజిస్ట్రేషనుకైనను, పింఛనుకైనను, కళాశాలలో సీటుకైనను నేడు మానవుడు మొట్టమొదట నిలువవలసినది లాగిన్ పేజీ యెదుటనే. పటేలు పట్వారీల కాలమున ఊరివారి ముఖము లా యధికారి యెఱిగినవే. ముఖమెఱుగని యంత్రమునకు మాత్రము మూడు విధములైన సాక్ష్యములే శరణ్యము: మనస్సునందలి రహస్యము, చేతనున్న వస్తువు, దేహమందలి లక్షణము. పాస్‌వర్డు మొదటి కోవకును, ఫోనునకు వచ్చు ఓటీపీ రెండవదానికిని, వేలిముద్ర మూడవదానికిని చెందును.

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.యందు పలువు రొకే కంప్యూటరును వాడుకొనునట్టి వ్యవస్థతోడనే పాస్‌వర్డులును వచ్చెను. మఱుసటి యేడాదియే అలెన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయము చాలక, ఆ పాస్‌వర్డుల జాబితానే అచ్చు వేయించుకొనెను. కావున సొంతముగా లాగిన్ నిర్మించువారు పాస్‌వర్డును ఉన్నదున్నట్లు భద్రపఱుపరాదు. ప్రతి వ్యక్తికిని వేర్వేఱు యాదృచ్ఛిక సంఖ్యను జోడించి, వెనుకకు మరల్ప వీలుకాని రూపమునకు మార్చి, ఆ రూపమునే దాచవలెను.

రహస్య మెంత భద్రమైనను, వచ్చువాని స్థితి నెఱుగని ద్వారము వ్యర్థము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధిహామీ కూలిని, పింఛనులను వేలిముద్రతో గూడిన స్మార్ట్‌కార్డులద్వారా ఊరిలోనే చెల్లించు పద్ధతిని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు నల్లగొండతో గూడ ఎనిమిది జిల్లాలలో పరీక్షించి, 2016లో ఫలితములు ప్రకటించిరి: కూలి త్వరగా నందెను, నడుమ జాఱిపోవు సొమ్ము తగ్గెను. అంతకంటెను నాకు ముఖ్యముగా దోచునది వేఱొకటి కలదు. కార్డు లేనివారికి చెల్లింపు నిలిపివేయక, పాత పద్ధతిని గూడ ప్రభుత్వము సాగనిచ్చెను. పత్తి యేఱి, రాయి కొట్టి అరిగిన వ్రేళ్ళపై గీతలు యంత్రమునకు చిక్కకపోవచ్చును. అది కూలివాని దోషము కాదు.

పాలమూరునుండి బొంబాయికి, పూణేకు వలసపోయి వచ్చువారికి సిమ్ము మారును. ఇంటికంతకు ఫోనొక్కటియే యుండి, అది కొడుకు చేతనుండును. ఓటీపీ యందనిచో, భూమి తనదే యైనను లాగిన్ పేజీకి రైతు అపరిచితుడే. తెలంగాణ భూరికార్డుల వ్యవస్థయగు భూభారతి 2025లో ప్రయోగాత్మకముగా ఆరంభమైన నాలుగు మండలములలో ఆ పాలమూరు సీమలోని నారాయణపేట జిల్లా మద్దూరొకటి. ఇట్టి సీమకు నిర్మించు ప్రతి వ్యవస్థయు, మీసేవా కేంద్రమునకు స్వయముగా పోయి, కాగితము చూపి, ఫోను నంబరు మార్చుకొను మార్గమును ఆదిలోనే కల్పింపవలెను. మోసగాని చూపును ఆ మార్గముపైననే పడును గనుక, మార్చిన ఉద్యోగి పేరును, వేళను తుడుపరానట్లు వ్రాసియుంచి, పాత నంబరునకు సందేశము పంపి, కొన్ని దినములవఱకు ఆ భూమిపై క్రయవిక్రయములు సాగనీయరాదు.